తునికిగుంపు టీవీకి ముదిగొండలో రిపేరు

జంపయ్య సార్‌ను ఏ వస్తువైనా అడిగి చూడండి, అది రిపేరుకు పోయి ఉంటుంది. గొడుగు అడిగినా అంతే, గోడ గడియారం అడిగినా అంతే. ఒకసారి జోరువానలో తడిసి ముద్దయి మా ఆఫీసుకు వచ్చాడు. "గొడుగేది సార్?" అన్నాను. "రిపేరుకు పోయింది మేడం" అన్నాడు. మర్నాడు ఫెళఫెళలాడే ఎండలో అదే గొడుగు వేసుకుని వచ్చాడు. "వచ్చినట్టుంది గద?" అన్నాను. "వచ్చింది గని, ప్రస్తుతానికి ఎండకే పనిచేస్తది. వాన పార్టు ఇంకా రాలే" అన్నాడు, కన్ను కూడా ఆర్పకుండా.

ఆయన తునికిగుంపు ప్రాథమిక పాఠశాల హెడ్మాస్టరు. ఆ బడికి హెడ్మాస్టరూ ఆయనే, టీచరూ ఆయనే, గంట కొట్టేదీ ఆయనే. తునికిగుంపు ఎక్కడంటే, చండ్రుగొండ దాటాలి, తారు రోడ్డు అయిపోవాలి, మట్టి రోడ్డు కూడా అయిపోవాలి, ఇక అడవే అనుకున్న చోట ఓ నలభై ఇళ్ళు కనబడతాయి. గూడేన్ని మా వైపు గుంపు అంటారు. ఏ మండలమని మాత్రం అడగకండి, మా పెద్దసార్లకు కోపమొస్తుంది.

నా పేరు ఉదయశ్రీ. మండల విద్యాశాఖ ఆఫీసులో డేటా ఆపరేటర్‌ని. ఖమ్మంలో ఖానాపురం హవేలి నుంచి రోజూ ఒక షేర్ ఆటో, రెండు బస్సులు మారి వస్తాను కాబట్టి ఆఫీసులో అడుగు పెట్టేసరికే కోపం ముక్కు మీద కూర్చుని ఉంటుంది. నా పనేమిటంటే, బడుల్లో ఉన్న సామాను, టెక్నాలజీ పనిచేస్తోందో లేదో కనుక్కుని కంప్యూటర్‌లో ఎక్కించడం. పనిచేస్తే బడి పేరు పక్కన పచ్చ డబ్బా, లేకపోతే ఎర్ర డబ్బా. పిల్లలకు చదువు వస్తోందా లేదా అని చెప్పే డబ్బా లేదు. ఒకసారి నోరాగక అడిగాను కూడా. "అది వచ్చే వెర్షన్‌లో ఇస్తారమ్మా" అన్నారు పెద్దసార్లు.

మా మండలంలో డబ్బాలన్నీ పచ్చగా కళకళలాడుతుంటే మధ్యలో తునికిగుంపు ఒక్కటే ఎర్రగా ఉండేది. నెలకోసారి ఆయనకు ఫోన్ చేయడం, నా నోరు పారేసుకోవడం మామూలైపోయింది.

"సార్, గ్లోబు ఉందా?"

"ఉంది మేడం. రిపేరుకు పోయింది."

"గ్లోబుకు రిపేరేంది సార్?"

"తిరుగుత లేదు."

"చేత్తో తిప్పితే తిరుగుతది గద!"

"గట్ల తిప్పితే హిందూ మహాసముద్రం ఊడి చేతిలకొస్తది మేడం."

"సరే, లెక్కల కిట్టు?"

"అదీ రిపేరే."

"అవి పూసలు, కట్టెపుల్లలు సార్! వాటికి ఏం రోగం?"

"పూసలకు దారం ఎక్కియ్యాలె."

"కథల పుస్తకాలు?"

"బైండింగుకు."

నాకు తిక్క రేగింది. "పిల్లలన్న ఉన్నరా, వాళ్ళు కూడా రిపేరుకు పోయిన్రా సార్?" అన్నాను. అవతల ఆయన నవ్వడం మొదలుపెట్టాడు. ఎంతకీ ఆపడే! నేనే విసుగొచ్చి ఫోన్ పెట్టేశాను.

ఇంట్లోవాళ్ళకన్నా తెలుస్తుందేమోనని ఒక ఆదివారం ఆయన భార్య కన్నమ్మకు ఫోన్ చేశాను. "అక్కా, సార్ ఉన్నడా?" అంటే ఆమె ఇంతెత్తున లేచింది. "ఆదివారం నాడు ఆయన ఇంట్ల ఎప్పుడున్నడు బిడ్డా? రిపేరు సంగతి కనుక్కొస్తనని పొద్దుగాల్నే ముదిగొండ దిక్కు బండి కొట్టుకపోయిండు. నా గోడ గడియారం పోయింది, రెండు చాపలు పోయినయ్, చలికాలం కప్పుకునే బొంత పోయింది. నా మెడల పుస్తెలతాడొక్కటే ఇంకా రిపేరుకు పోలే!"

"చాపకు రిపేరేందక్కా?"

"గదే నేను అడిగిన. అల్లిక లూజైందట."

ఇలా ఉండగా ప్రభుత్వ బడులకు పెద్ద టీవీలు వచ్చాయి. అలాంటిలాంటి టీవీలు కావు. వేలు పెడితే రాస్తాయి, చెయ్యి ఆడిస్తే బొమ్మ తిరుగుతుంది. వాటిని ప్రారంభించిన రోజు మా మండలంలో జాతరే. రిబ్బను కత్తిరించడానికి ముగ్గురు పెద్దమనుషులు వచ్చారు, కత్తెర మాత్రం ఒక్కటే ఉంది. దాన్ని ఎవరు పట్టుకోవాలన్న తగువు తేలేసరికి మధ్యాహ్న భోజనం చల్లారిపోయింది. చివరికి తునికిగుంపులో టీవీ పెట్టగానే వచ్చిన మొదటి పాఠం, 'లిఫ్టులో ప్రయాణించేటప్పుడు తీసుకోవలసిన జాగ్రత్తలు'. ఆ ఊళ్ళో అన్నిటికన్నా ఎత్తైన కట్టడం జొన్నచేలో మంచె. పిల్లలు మాత్రం పాఠం శ్రద్ధగా విన్నారు. ఆ సాయంత్రం నుంచి మంచె దగ్గర వరసగా నిలబడి, "ముందు దిగేటోళ్ళను దిగనియ్యాలె" అని ఒకరికొకరు చెప్పుకున్నారు.

ఆ తర్వాత సార్లందరికీ శిక్షణ. విషయం, 'సాంకేతికతతో సర్కారు చదువుకు కొత్త ఊపిరి'. వీడియోలోనే జరిగింది. పొద్దుటి నుంచి భోజనాల వేళ దాకా "హలో, నా మాట వినబడుతోందా?" అన్న మాట తప్ప ఇంకేమీ వినబడలేదు. అయినా అందరూ 'చాలా ఉపయోగపడింది' అని అభిప్రాయం రాసి పంపారు. జంపయ్య సార్ ఒక్కడే ఏమీ రాయలేదు. ఎందుకు రాయలేదంటే, "నా ఎడమ చెవి రిపేర్ల ఉంది మేడం" అన్నాడు.

టీవీ వచ్చిన కొత్తలో తునికిగుంపు డబ్బా కూడా పచ్చబడింది. నా నెత్తిన పాలు పోసినట్టయింది. ఆ ముచ్చట జనవరి దాకానే. పండుగ సెలవులై బడులు తెరిచారో లేదో, "టీవీ రిపేరుకు పోయింది మేడం" అని ఫోన్.

"ఎక్కడికి?"

"ముదిగొండ."

"కొత్తగూడెం పక్కనే పెట్టుకుని ముదిగొండ దాకా ఎందుకు సార్? ఇటు కొస నుంచి అటు కొస!"

"అక్కడి మెకానిక్ చెయ్యి మంచిది మేడం. గాని జర నిదానం మనిషి."

నిదానమంటే నిదానమే. ఎండలు ముదిరాక గాని టీవీ తిరిగి రాలేదు. జూన్‌లో బడులు తెరిచినప్పుడు నేనే స్వయంగా చూద్దామని వెళ్ళాను. సార్ స్విచ్ వేశాడు. లోపలి ఫ్యాను గిర్రున తిరిగింది. అంతే, గది గదంతా ఒకటే దగ్గు! నాకు కళ్ళ వెంట, ముక్కు వెంట ధారలు.

"ఏంది సార్ ఇది? టీవీల తాలింపు పెట్టిన్రా?"

"ముదిగొండ గాలే గంత మేడం. మిర్చి పండే ఊర్లు గద, షాపులకు గూడ కొడతది ఘాటు" అన్నాడు. ఆయనకు మాత్రం ఒక్క తుమ్ము రాలేదు. నేను పచ్చ డబ్బా పెట్టేస్తానని చెప్పి కొంగుతో ముక్కు మూసుకుని బయటపడ్డాను.

మళ్ళీ జనవరి వచ్చింది. టీవీ మళ్ళీ ముదిగొండ పోయింది. ఈసారి ఆఫీసులో గుసగుసలు మొదలయ్యాయి. "అమ్ముకుని తిన్నాడు, వేసవికి ఎవరి దగ్గరో తెచ్చి చూపిస్తాడు" అని ఒకాయన అన్నాడు. నేను ఆయన మీదికి లేచాను. "ఆయన తిక్క మనిషే గాని దొంగ మనిషి కాదు. నోటికి ఎంతొస్తే అంత అనకండి!" అనేశాను. అన్నానే గాని, నాకూ అనుమానం లేకపోలేదు.

సరిగ్గా అప్పుడే జిల్లా నుంచి అనిల్‌కుమార్ సార్ దిగాడు. డిజిటల్ చదువుల కోసం కొత్తగా వేసిన అధికారి. కుర్రాడే, మంచివాడే, కానీ ప్రపంచమంతా ఆయనకు శాతాల్లోనే కనిపిస్తుంది. "టీ తాగుతారా సార్?" అంటే "ఎనభై శాతం తాగినట్టే" అంటాడు. మా మండలం తొంభై ఎనిమిది శాతం పచ్చగా ఉందట. ఆ మిగిలిన రెండు శాతం ఆయనకు పంటిలో ఇరుక్కున్న పీచులా ఉండి, రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదట. ఒక మంగళవారం నన్ను జీపులో ఎక్కించుకుని నేరుగా తునికిగుంపులో దిగాడు.

బడిలో పిల్లలు పలచగా ఉన్నారు.

"మిగతావాళ్ళేరి?" అన్నాడు అనిల్‌కుమార్ సార్.

"మిర్చి ఏరుడుకు పోయిన్రు సార్, అమ్మానాయినల ఎంబడి" అన్నాడు జంపయ్య సార్.

మా వైపు ఇది ఏటా ఉండేదే. జనవరి వచ్చిందంటే ఈ గుంపుల్లోని కుటుంబాలకు కుటుంబాలే డీసీఎం వ్యాన్లెక్కి మైదానం ఊళ్ళకు మిర్చి ఏరడానికి పోతాయి. ఇంటికి తాళం, కోళ్ళు పక్కింటికి, పిల్లలు తల్లుల వెంట. చేను పక్కనే టార్పాలిన్ పట్టాలు కట్టుకుని కాపురం. మళ్ళీ ఎండలు ముదిరాకే రావడం. తల్లులు చేలో ఉంటే చంటివాళ్ళను ఎత్తుకునేది ఈ బడి పిల్లలే.

"వాళ్ళ సంగతి తర్వాత. ముందు టీవీ ఏదీ?"

జంపయ్య సార్ నోరు తెరిచేలోపే పిల్లలందరూ లేచి నిలబడి, ఎక్కం అప్పజెప్పినట్టు, "రిపేరుకు పోయింది సార్!" అని ఒక్క గొంతుతో అరిచారు. అంత చక్కగా ప్రార్థన కూడా చెప్పరు.

అనిల్‌కుమార్ సార్ ముఖం మాడిపోయింది. "చూడండి జంపయ్య గారూ, అది ప్రభుత్వ ఆస్తి. నెలలకు నెలలు రిపేరు ఏ టీవీకీ ఉండదు. ఇవాళ పొద్దుగూకేలోగా అది నా కళ్ళకు కనబడాలి. లేదంటే రేపు మీ చేతిలో సస్పెన్షన్ ఆర్డర్ ఉంటుంది, పోలీస్ స్టేషన్‌లో కంప్లైంట్ ఉంటుంది. పదండి, ఆ షాపు చూపించండి."

"ఇయ్యాల మంగళవారం సార్. షాపు బందు."

"తెరిపిద్దాం."

"మెకానిక్ అత్తగారి ఊరు పోయిండు."

"పిలిపిద్దాం."

"అక్కడి తొవ్వ బాగలేదు సార్, మీ జీపు పాడైతది."

"పాడైతే మీ మెకానిక్కే బాగుచేస్తాడు. ఎక్కండి!"

పక్కూరి టీచరమ్మకు బడి అప్పజెప్పి బయలుదేరాం. ఏన్కూరు, తల్లాడ, వైరా, ఖమ్మం. నాకు ఒక పక్క కోపం, ఒక పక్క భయం. ఈయన ఉద్యోగం పోతే తునికిగుంపుకు ఇంకో సారు నిలవడు. ఇంతకుముందు వచ్చినవాళ్ళంతా బదిలీ దరఖాస్తు జేబులో పెట్టుకునే వచ్చారు, నెల తిరక్కుండానే పోయారు. ఈయనది ఈ అడవే, కోయ మనిషి, పిల్లలతో వాళ్ళ భాషలో మాట్లాడతాడు, ముక్కులు తుడుస్తాడు, తిడతాడు, తీసుకొచ్చి కూర్చోబెడతాడు. ఈయన పోతే ఆ బడికి తాళమే. జీపు వెనక సీట్లో ఆయన చెవి దగ్గరికి వంగి గుసగుసగా అడిగాను.

"నిజం చెప్పండి సార్. టీవీ అమ్ముకున్నరా?"

"ఛ! గదేం మాట మేడం?"

"మరి యాడుంది?"

"రిపేర్ల ఉంది."

నేను ఇది కుడి చెవిలోనే అడిగాను. బాగుండే చెవి అదే. నెత్తి కొట్టుకుని కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

ముదిగొండ వచ్చింది. బజారు కూడా దాటింది. "షాపులన్నీ వెనక్కి పోయాయి, ఇంకెక్కడ?" అని అనిల్‌కుమార్ సార్ అడుగుతూనే ఉన్నాడు, ఈయన "ఇంకా ముందుకు సార్" అంటూనే ఉన్నాడు. చివరికి ఒక కాలవ కట్ట మీద జీపు ఆపించి దిగాడు. కట్ట కింద కనుచూపు మేరా మిర్చి చేలు. ఒక చోట పెద్ద కల్లం, అందులో ఎండబోసిన మిర్చి ఎర్రగా పరుచుకుని ఉంది. గాలి ఒక్క విసురు విసిరింది. అనిల్‌కుమార్ సార్ తుమ్మడం మొదలుపెట్టాడు.

కల్లం పక్కన చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని, చేతిలో మిర్చి తిరగదోసే పొడుగు కర్రతో ఒక పెద్దావిడ నిలబడి ఉంది. పేరు సుశీలమ్మ. కోస్తా నుంచి వచ్చి ఇక్కడ భూములు కొని స్థిరపడిన రైతు కుటుంబం. ఇన్‌షర్టు వేసుకుని తుమ్ముతున్న అనిల్‌కుమార్ సార్‌ను చూడగానే మిర్చి బేరగాడనుకుంది.

"రండి బాబూ రండి! తేజ రకమండీ. తాలు కాయ ఒక్కటి చూపించండి, నా పేరు మార్చుకుంటాను. గుప్పెట్లోకి తీసుకుని వాసన చూడండి!"

"నేను... హాచ్... టీవీ కోసం... హాచ్..."

"టీవీనా?" ఆవిడ అప్పుడు వెనకున్న జంపయ్య సార్‌ను చూసింది. "అయ్యో, మీరా మాస్టారూ! ఇవాళ ఆదివారం కాదుగా? ఈయన ఎవరండీ, కొత్త మాస్టారా? ఉండండి, ఇప్పుడు సైన్సు నడుస్తోంది, అల్లరి చేయకండి."

కర్ర నోటికి అడ్డం పెట్టుకుని ఆవిడ "ఉష్" అంది. అప్పుడు వినబడింది. మోటారు కొట్టం అవతల నుంచి టీవీ గొంతు, మొక్క ఆహారం ఎలా తయారుచేసుకుంటుందో చెబుతోంది.

వెళ్ళి చూశాం. కొట్టం గోడకు ఆనించి నీలం పట్టా కట్టారు. దాని కింద మిర్చి బస్తాలు పేర్చి, వాటి మీద బొంత పరిచి, ఆ బొంత మీద మా పెద్ద టీవీ. ముందు చాపల మీద తునికిగుంపు పిల్లలు. వాళ్ళే కాదు, వేరే గుంపుల పిల్లలూ ఉన్నారు. సగం మంది ఒళ్ళో ఒక చంటిది నిద్రపోతోంది. పట్టా గుంజకు గ్లోబు వేలాడదీశారు, గాలికి అది చక్కగా, ఏ సముద్రమూ ఊడకుండా తిరుగుతోంది. లెక్కల పూసలు ఒక పసిదాని నోట్లో ఉన్నాయి. గోడకు కన్నమ్మ గడియారం.

నాకు ఏడుపొచ్చిందంటే అది మిర్చి ఘాటు వల్లే అని అప్పుడు అందరికీ చెప్పాను. ఇప్పుడు చెబుతున్నాను, ఘాటు వల్ల కాదు.

"ఇదా మీ రిపేరు షాపు?" అన్నాడు అనిల్‌కుమార్ సార్, రుమాలులోంచి.

జంపయ్య సార్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "సార్, రూల్సు పుస్తకం నేను చానా సార్లు తిరగేసిన. బడి వస్తువు ఏదీ గేటు దాటొద్దని ఉంది. మరమ్మతుకు తప్ప అని ఉంది. పిల్లలు ఎటు పోతే అటు పోవచ్చని యాడన్న ఉంటదేమో అని ఎతికిన. లేదు సార్. గేటు దాటే తొవ్వ గదొక్కటే ఉంది."

"అయితే అన్నీ అబద్ధాలే!"

"నేను మూడో తరగతి మూడేండ్లు చదివిన సార్. తెలివిలేక గాదు. ప్రతి యేడు మిర్చి పండేది."

అనిల్‌కుమార్ సార్ మళ్ళీ తుమ్మాడు. ఈలోపు సుశీలమ్మ అందుకుంది. "మొదట తగువు పెట్టుకుంది నేనే బాబూ. ఈ పిల్లలంతా నా కల్లంలో పడి తొక్కేస్తుంటే, వీళ్ళ సారు ఎవరో కనుక్కుని ఫోన్ చేసి నాలుగు వాయించాను. మీ పిల్లల్ని మీరు పట్టుకోండి మాస్టారూ అని. పట్టుకోవడానికి ఈయన బండి మీద గ్లోబుతో వచ్చాడు! మరుసటి ఆదివారం చాపలు, ఆ పై ఏడు టీవీ. డీసీఎంలో కూలీల మధ్య దానికీ ఒక సీటు. నేను ఇంటర్ దాకా చదివినదాన్ని, స్విచ్ వేయడం నాకు చేతకాదా? కరెంటు ఉన్నంతసేపు టీవీ, పోతే నేను. ఆదివారం మాస్టారు వచ్చి వారం పాఠం ఒప్పజెప్పించుకుంటారు. పిల్లలు ఒకచోట ఉంటే తల్లులు నిశ్చింతగా చేలో ఉంటారు, నా మిర్చీ శుభ్రంగా ఉంటుంది. ఇందులో తప్పేముందో చెప్పండి!"

తప్పేముందో చెప్పే మనిషి కాదు అనిల్‌కుమార్ సార్. ఆయనకు కావలసింది లెక్క. "అది మన టీవీయో కాదో సీరియల్ నంబరు చూడాలి" అని గొణుక్కుంటూ, ముక్కు తుడుచుకుంటూ, తన ఫోన్ నెట్టును టీవీకి కలిపాడు. ఆ టీవీ ఏ పూట ఎంతసేపు పనిచేసిందో తనలో తనే దాచుకుంటుందట. నెట్టు తగలగానే ఆఫీసుకు పంపేస్తుందట. ఇది జంపయ్య సార్‌కు తెలుసు, అందుకే దానికి ఎన్నడూ నెట్టు తగలనివ్వలేదు. పాఠాలన్నీ పెన్‌డ్రైవులో వేసుకునే తెచ్చేవాడు.

రెండేళ్ళ గుట్టు ఒక్కసారిగా బయటికి కక్కేసింది టీవీ. అనిల్‌కుమార్ సార్ ఫోన్‌లో తునికిగుంపు గీత లేచింది. పక్క బడుల గీతలు దాటింది, మండలం దాటింది, జిల్లాలో అన్నిటికన్నా పైకి పోయింది. పచ్చ డబ్బాలున్న బడుల గీతలు నేలకు అంటుకుపోయి ఉన్నాయి. అక్కడ టీవీలు పనిచేస్తున్నాయి నిజమే, ఫోటో దిగేంతసేపు పనిచేసి, గుడ్డ కప్పించుకుని పడుకుంటున్నాయి.

"ఇదేంటండీ..." ఆయన తుమ్ములు కూడా ఆగిపోయాయి. "లక్ష్యానికి నూట అరవై శాతం చూపిస్తోంది! శాతం వంద దాటకూడదే!"

"తప్పైతే తగ్గిస్తం సార్" అన్నాడు జంపయ్య సార్ భయంగా.

"తగ్గిస్తారా? ఖబడ్దార్!" అని అరిచాడు అనిల్‌కుమార్ సార్. ఒక పిల్ల ఒళ్ళో నిద్రపోతున్న చంటిది ఉలిక్కిపడి ఏడుపు లంకించుకుంది. "నెలాఖరు నివేదిక పైకి పోయేదాకా ఈ టీవీ ఇక్కడి నుంచి అంగుళం కదలకూడదు. స్విచ్ ఆపకూడదు. ఉదయశ్రీ గారూ, డబ్బా ఏ రంగులో ఉంది? పచ్చ పెట్టండి. ఇంకా ముదురు పచ్చ ఉంటే అది పెట్టండి!"

ఇన్నేళ్ళూ పిల్లల చదువును కాపాడింది ఒక అబద్ధం, ఇప్పుడు ఆ అబద్ధాన్ని కాపాడింది ఒక శాతం. ఏ పుట్టలో ఏ పాముందో ఎవరికి తెలుసు! సస్పెన్షన్ మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. టీవీ ముందు నిలబడిపోయిన అనిల్‌కుమార్ సార్‌ను చూసి అయిదో తరగతి వనజ, "సార్, జర పక్కకు జరగరా, ఆకు కనబడుత లేదు" అంది. జిల్లా అధికారి వెంటనే జరిగి, చెప్పులు విప్పి, మిర్చి బస్తా మీద బుద్ధిగా కూర్చున్నాడు. పాఠం అయ్యేదాకా లేవలేదు.

తిరుగు ప్రయాణంలో ఖమ్మం రాగానే జంపయ్య సార్‌ను నిలదీశాను. "నాకన్న చెప్పొచ్చు గద సార్? నేను పరాయిదాన్నా?" అన్నాను. "మీకు చెప్తే మీరు గూడ అబద్ధం ఆడాలె గద మేడం. ఒక్క బడికి ఒక్క అబద్ధాలకోరు చాలు" అన్నాడు. నా కోపం ఎటు పోయిందో ఏమో, టీ తాగించి గాని ఆయన్ను పంపలేదు.

ఆ తర్వాత జరిగింది మేమెవరమూ అనుకోనిది. మిర్చి కాలంలో కూలీలు దొరకడమే గగనం. సుశీలమ్మ చేను పక్కన బడి ఉందని తెలిసి, చుట్టుపక్కల చేలల్లోని కూలీ గుంపులు ఒక్కొక్కటే ఆవిడ దగ్గరికి జరిగాయి. మిగతా రైతుల కాయ చెట్ల మీదే ఎండింది. అనిల్‌కుమార్ సార్ తన శాతం కోసం, ఏదో బడిలో గుడ్డ కప్పుకుని పడుకున్న ఒక టీవీని కూడా జంపయ్య సార్‌కే రాసిచ్చాడు. 'క్షేత్రస్థాయి వినియోగం' అని ఆర్డరు. పాపం, మా ఆఫీసు కాగితంలో ఒక మాట నిజమవడం నేను చూసింది అదే మొదలు.

పోయిన జనవరిలో నేను తునికిగుంపులో ఉండగానే వ్యాను వచ్చింది. దిగింది చెంచురామయ్య గారు, సుశీలమ్మకు పొలం గట్టు పొరుగు. కూలి మాట్లాడాడు, పట్టాలు కొత్తవి ఇస్తానన్నాడు, వంటచెరుకు, నీళ్ళు, రానూపోనూ వ్యాను, అన్నీ ఒప్పుకున్నాడు. కూలీల గుంపుకు పెద్ద వనజ తల్లి సుజాతే. నడుం మీద చేతులు పెట్టుకుని అంతా విన్నది.

"ఇవన్నీ సరే పటేలా. మీ చేను కాడ బడి ఉందా?"

"ఉంటుందమ్మా! టీవీ పంపిస్తానని మాస్టారు మాటిచ్చారు. కరెంటు నేనిస్తాను, నీడ నేనిస్తాను."

"టీవీ ఉంటె అయితదా? కరెంటు పోతె చెప్పేటోళ్ళెవరు? సుశీలమ్మ కాడ సుశీలమ్మ ఉంది. మీ కాడ ఎవరున్నరు?"

చెంచురామయ్య గారు జంపయ్య సార్ వైపు చూశాడు. ఆయన తనకేమీ పట్టనట్టు పక్కకు తిరిగి బడి గేటుకు గొళ్ళెం సరిచేసుకుంటున్నాడు. నా వైపు చూశాడు. నేను ఫోన్‌లో డబ్బాలు చూసుకున్నాను. ఆడవాళ్ళు సంచులు కింద పెట్టేసి కదలకుండా నిలబడ్డారు. పాపం ఆయన తల గోక్కుని, కాస్త పక్కకు పోయి, ఇంటికి ఫోన్ కొట్టాడు.

"ఏమేవ్! అడిగినదానికి సరిగ్గా చెప్పు, తర్వాత తిడుదువుగాని. నీకు ఎక్కాలు ఎందాకా వచ్చు?"

అవతల ఏం జవాబొచ్చిందో, ఆయన ముఖం కాస్త వాడింది. గొంతు తగ్గించి, "పన్నెండో ఎక్కం దాకా వచ్చునంట. ఆ పైన రావంట" అన్నాడు.

సుజాత వనజ వైపు తిరిగింది. వనజ ఫర్వాలేదన్నట్టు తల ఊపింది.

"ఎక్కుండ్రి" అంది సుజాత అందరితో. "మిగతయి మా పిల్ల నేర్పుతదిలే ఆమెకు."